ఖాట్మండుకి వాలంటీర్ పనికి పోతున్నారా, అయితే ఊరు కూడా చూసి రండి

మన తిరుపతికి రోజుకి 60, 70 వేల మంది వస్తారు గదా, బస్టాండులోనో స్టేషన్లోనో దిగి అలిపిరి మీదుగా కొండెక్కి, దర్శనం చేసుకుని, లడ్డూలు కట్టించుకుని మళ్ళీ అదే బస్టాండు. తాతయ్యగుంట గంగమ్మ గుడి యాడుందో వాళ్ళకి తెలీదు, మే నెలలో మగోళ్ళు చీరలు కట్టుకుని ఊరంతా వేషాలేసుకుని తిరిగే జాతర ఒకటుందనీ తెలీదు, సంగటి ముద్ద నోట్లో పెట్టకుండానే ట్రైనెక్కేస్తారు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, స్వామి కోసం వచ్చారు, చూసుకున్నారు, పోయారు. కానీ వాలంటీరుగా వేరే దేశం పోయి నెలా రెండు నెలలు అక్కడే ఉండే మన పిల్లలు కూడా అచ్చం ఇట్లనే వచ్చేస్తుంటే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది. పొద్దున స్కూలుకి పోవడం, సాయంత్రం రూముకొచ్చి ఫోను చూసుకోవడం, ఆఖరి వారంలో ఒక టాక్సీ మాట్లాడుకుని నాలుగు గుళ్ళు, రెండు స్తూపాలు, ఫోటోలు, అంతే. ఊరి మధ్యలో ఉండి ఊరు చూడకుండా వచ్చేస్తున్నారు.

నేను ఖాట్మండు పక్కనే ఉండే పాటన్‌లో ఒక చిన్న స్కూల్లో కంప్యూటర్ చెప్పడానికి పోయాను, పాటన్నే లలిత్‌పూర్ అని కూడా అంటారు, రెండూ ఒకటే, ఖాట్మండు నుంచి బాగ్మతి నది దాటితే చాలు. ఇప్పుడు యూనివర్సిటీ పిల్లలు, మా వీధి పిల్లలు ఎవరైనా నేపాల్ వాలంటీర్ పని అంటే నా దగ్గరికే వస్తున్నారు, అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు, అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. వేరే దేశం పోయేవాళ్ళకి కూడా సగం విషయాలు పనికొస్తాయి, కానీ నాకు తెలిసిన ఊరు గురించే రాస్తా.

ముందు కాగితాలు, డబ్బులు

ఇండియా వాళ్ళకి నేపాల్ వీసా అక్కర్లేదు, 1950లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం వల్ల. కానీ గుర్తింపు కార్డు కావాలి, పాస్‌పోర్టు గానీ ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన ఓటరు కార్డు గానీ. ఆధార్ ఉంది గదా చాలు అనుకుని ఎయిర్‌పోర్టు దాకా పోయే వాళ్ళున్నారు, పెద్దవాళ్ళకి అది పనికిరాదు, పాస్‌పోర్టు తీసుకుని పోవడమే మంచిది. మీ అమెరికా చుట్టాల పిల్లలు ఎవరైనా మీతో కలిసి వస్తామంటే, వాళ్ళది అక్కడి పాస్‌పోర్టు అయితే కథ వేరే, టూరిస్టు వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు, సంస్థ వాళ్ళని సరైన వీసా గురించి ముందే అడగమనండి.

మామూలుగా ఢిల్లీ మీదుగా ఫ్లైట్లో పోతారు. డబ్బు తక్కువుంటే చెన్నై నుంచి గోరఖ్‌పూర్ దాకా ట్రైను, అక్కడ్నుంచి సునౌలీ బోర్డరు, బోర్డరు దాటాక మళ్ళీ బస్సు, ఒళ్ళు హూనమైపోతుంది గానీ టైం ఉన్నవాళ్ళకి అదీ ఒక దారే. మన 100 రూపాయలు వాళ్ళ 160, ఈ లెక్క ఎన్నో ఏళ్ళుగా మారలేదు, కాబట్టి బేరమాడేటప్పుడు తికమక ఉండదు. మన 100 నోట్లు తీసుకుని పోతే యాడైనా ఇబ్బంది లేకుండా మారుతాయి. వాళ్ళ టైం మనకన్నా 15 నిమిషాలు ముందు, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంటుంది, స్కూలు బెల్లు కొట్టేటప్పుడు గుర్తుండదు, కాబట్టి దిగిన వెంటనే వాచీ మార్చేసుకోండి.

ఖాట్మండు దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మన హార్స్లీ హిల్స్ కన్నా ఇంకొంచెం ఎత్తు. డిసెంబరు జనవరిలో రాత్రిళ్ళు సున్నాకి దగ్గరగా పోతుంది, ఇళ్ళల్లో హీటర్లు ఉండవు, తిరుపతి ఎండలకి అలవాటు పడినవాళ్ళు ఒక్క స్వెటర్ వేసుకుని పోతే వణకాల్సిందే. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా దుమ్ము, పొగ కూడా బాగా ఉంటాయి, మాస్కులు పెట్టుకోండి. కుళాయి నీళ్ళు తాగొద్దు, జార్ నీళ్ళే తాగండి.

ఎవరి దగ్గర పని చేస్తున్నారో తేల్చుకోండి

ఊరితో మీకు అయ్యే పరిచయం మంచిదా కాదా అనేది సగం ఇక్కడే తేలిపోతుంది, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నా. అనాథ పిల్లల హాస్టళ్ళలో వాలంటీర్ పని అని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి. నేపాల్లో 1996 నుంచి 2006 దాకా అంతర్యుద్ధం జరిగింది, ఆ రోజుల్లో కొండ ఊళ్ళ నుంచి చదువు చెప్పిస్తామని పిల్లల్ని పట్నానికి తెచ్చి, అమ్మానాన్నలు బతికుండగానే అనాథలని చూపించి విదేశీయుల దగ్గర డబ్బులు గుంజిన హోములు చాలా బయటపడ్డాయి. మీరు కట్టే ఫీజు, మీరు పెట్టే ఫోటో ఆ వ్యాపారానికే పోతాయి. మంచి హోము అయినా సరే, రెండు నెలలు దగ్గరై తర్వాత పోయే మనుషులు ఆ పిల్లలకి మేలు చేయరు.

స్కూలు, లైబ్రరీ, ఆడవాళ్ళ కుట్టుపని సంఘం, రైతుల సహకార సంఘం ఇట్లాంటివి చూసుకోండి. మీకు నిజంగా ఏం వచ్చో అది ముందే చెప్పండి, లెక్కలు, కంప్యూటర్, అకౌంట్లు, నర్సింగ్, ఏదైనా. మీ ఫీజులో ఎంత యాడికి పోతుందో అడగండి, నీళ్ళు నమిలితే వదిలేయండి. ఇంకొకటి అడగాలి, స్థానిక టీచరుతో కలిసి పని చేస్తారా, లేదా మీరొక్కరే క్లాసులో ఉంటారా అని. స్థానిక మనిషి పక్కన ఉండే పనే ఎంచుకోండి, ఎందుకంటే ఊళ్ళోకి మీకు తలుపు తీసేది ఆ మనిషే. నాకు పండగ ఎప్పుడో, ఏ వీధిలో రథం తిరుగుతుందో, ఎవరింట్లో భోజనానికి పోవచ్చో చెప్పింది నా పక్క క్లాసు దిదీ, అంటే అక్కలాంటి టీచరు, ఏ వెబ్‌సైటూ కాదు.

ఉండటానికి కూడా వీలైతే ఎవరైనా ఇంట్లో ఉండండి, థమేల్‌లో హోటల్ తీసుకోకండి. థమేల్ టూరిస్టుల వీధి, అక్కడ ఉంటే ఖాట్మండులో ఉన్నట్టే ఉండదు.

మొదటి వారం ఏం చేయాలంటే

ఏమీ చూడకండి. అంటే గుళ్ళు, స్తూపాలు, మ్యూజియాలు ఏవీ వద్దు. మీ ఇంటి నుంచి స్కూలు దాకా నడవండి, రోజూ అదే దారిలో, ఒకే చియా పసల్లో టీ తాగండి, ఒకే దుకాణంలో కూరగాయలు కొనండి. నాలుగో రోజుకి ఆ టీ దుకాణం అన్న మిమ్మల్ని గుర్తు పడతాడు, ఆ తర్వాత యాడ్నుంచి వచ్చావు అని అడుగుతాడు, తిరుపతి అంటే తెలియకపోయినా బాలాజీ అంటే చాలామందికి తెలుసు, అక్కడ మొదలైన మాట యాడికైనా పోతుంది.

పలకరింపులకి మనకి ఏ ఇబ్బందీ లేదు. మనం అన్నా, అక్కా, తమ్ముడూ, చెల్లీ అని బస్సు కండక్టర్ని, పూలమ్మే ఆమెని పిలిచినట్టే వాళ్ళు దాయి, దిదీ, భాయి, బహినీ అంటారు, సార్ మేడమ్ అనేదాని కన్నా ఇవే బాగా పని చేస్తాయి. మీరు అనడానికి తపాయ్ అనండి, తిమీ అనేది దగ్గరివాళ్ళకి, కొత్తలో వద్దు. హిందీ చాలామందికి అర్థమవుతుంది సినిమాల వల్ల, కానీ నోరు తెరవగానే హిందీలో దంచితే కొంతమందికి నచ్చదు, మన దగ్గరికి ఎవరైనా వచ్చి తెలుగు ఒక్క ముక్క ప్రయత్నించకుండా హిందీలో మొదలెడితే మనకెట్లుంటుందో ఆలోచించండి. నమస్తే చెప్పి రెండు ముక్కలు నేపాలీలో మాట్లాడి, తర్వాత కావాలంటే హిందీకి మారండి, సంతోషంగా సాయం చేస్తారు. స్కూల్లో హిందీ చదివినవాళ్ళకి లిపి అదే కాబట్టి బోర్డులు రెండో రోజు నుంచే చదివేయొచ్చు. కతి హో అంటే ఎంత అని, మీఠో ఛ అంటే రుచిగా ఉంది అని, పుగ్యో అంటే చాలు అని. ఈ పుగ్యో మాత్రం బాగా నేర్చుకోండి, ఎవరింట్లోనైనా అన్నం తినేటప్పుడు మీరు చెప్పేదాకా వడ్డిస్తూనే ఉంటారు, మా జేజి లాగా.

పాటన్, భక్తపూర్, పాత ఖాట్మండులో ఉండే అసలు పాతకాపులు నేవార్లు, వాళ్ళ భాష వేరే, నేపాల్ భాషా అంటారు, నేపాలీ కాదు. వాళ్ళింటికి పోతే జొజొలపా అని పలకరించి చూడండి, ముసలివాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

రాజకీయాలు మాట్లాడేటప్పుడు కొంచెం చూసుకోండి. నేపాల్ మన దేశంలో ఒక రాష్ట్రం లాంటిదే గదా అనే మాట చనువుగా కూడా అనకండి, వాళ్ళు ఎప్పుడూ ఎవరి పాలనలోనూ వలస దేశంగా లేరు, ఆ గర్వం వాళ్ళకి ఉంది, ఉండాలి కూడా. బుద్ధుడు పుట్టిన లుంబిని నేపాల్లో ఉంది, ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

తిండి

మన చిత్తూరు జిల్లా వాళ్ళకి అక్కడ దొరికే పెద్ద ఆశ్చర్యం ఢిండో. కోదో పిండిని మరిగే నీళ్ళలో పోసి కట్టెతో గట్టిగా గెలికి ముద్ద చేస్తారు, కోదో అంటే వేరే ఏం కాదు, మన రాగులే. మనం సంగట్లో కొంచెం బియ్యం వేస్తాం, వాళ్ళు వట్టి పిండితోనే చేస్తారు, మొక్కజొన్న పిండితో కూడా చేస్తారు. చేత్తో తుంచి కూరలో అద్దుకుని నమలకుండా మింగడం దగ్గర్నుంచి అంతా మనదే. కోడికూరతో తినొచ్చు, గుంద్రుక్‌తో తినొచ్చు, గుంద్రుక్ అంటే ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టినది, పుల్లగా ఉంటుంది, చింతపండు పులుపుకి అలవాటైన నాలుకకి బాగానే పడుతుంది.

మీరు ఉన్న ఇంట్లో ఒక శనివారం వంటగదిలో చోటు అడగండి, అక్కడ శనివారం సెలవు. అసన్ బజార్లో కోదో పిండి కొని మన సంగటి చేసి, చెనక్కాయల ఊరిబిండి నూరి పెట్టండి. ఆ రోజు జరిగే మాటలు ఇంక ఏ టూర్లోనూ జరగవు, వాళ్ళ అమ్మమ్మ ఊరిలో ఢిండో పేదవాళ్ళ తిండని దాచుకుని తినేవాళ్ళమని, ఇప్పుడు హోటళ్ళలో ఎక్కువ రేటు పెట్టి తింటున్నారని చెప్తారు, మన ఊళ్ళో సంగటి కథ కూడా అదే గదా.

రోజువారీ భోజనం దాల్ భాత్. పొద్దున పది ముందర ఒకసారి, రాత్రి ఏడు తర్వాత ఒకసారి, మధ్యాహ్నం ఖాజా అని చిరుతిండి. ఎనిమిదికల్లా ఇడ్లీ పడే కడుపుకి మొదట్లో కష్టమే, ఒక వారానికి సర్దుకుంటుంది. ఆవనూనె వాసన కూడా అంతే. ఇంటి నుంచి పచ్చడి సీసా తెచ్చుకోండి తప్పులేదు, కానీ రోజూ రూములో పప్పుచారు వండుకుని తినే పని మాత్రం పెట్టుకోకండి.

నేవారీ తిండి ఒక పెద్ద లోకం. వో అని మినప్పప్పు రుబ్బి పెనం మీద కాల్చేది, దాన్ని బారా అని కూడా అంటారు, చిల్లు లేని గారెని నూనెలో వేయకుండా కాల్చితే ఎట్లుంటుందో అట్లుంటుంది. చతామరి అంటే బియ్యప్పిండితో పోసే పల్చటి అట్టు. యోమరి అని బియ్యప్పిండి ముద్దలో చాకు, అంటే పాకం గట్టిపడిన బెల్లం లాంటిది, నువ్వులు పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, డిసెంబరు పౌర్ణమికి దానికే ఒక పండగ ఉంది, యోమరి పున్హి. సమయ్ బజీ అంటే అటుకులు, నల్ల సోయా, అల్లం, గుడ్డు, మాంసం అన్నీ ఒకే ఆకులో. భక్తపూర్ పోతే మట్టి ముంతలో జుజు ధౌ అనే గడ్డ పెరుగు తప్పకుండా తినండి. శాకాహారులకి ఒక మాట, మోమోల్లో, సమయ్ బజీలో ఎక్కువగా ఉండేది బర్రె మాంసం, బఫ్ అని రాసుంటుంది, ముందే అడగండి, మ శాకాహారీ హు అని చెప్తే చాలు.

ఎంగిలి పట్టింపు మనలాగే ఉంది, జుఠో అంటారు, ఒకరు తిన్న ప్లేట్లోంచి ఇంకొకరికి ఇవ్వరు. డబ్బులైనా వస్తువైనా కుడిచేత్తోనే ఇవ్వాలి, ఎడమచేయి కుడి మోచేతికి తాకించి ఇస్తే మర్యాద. ఆడపిల్లలకి ఇంకొక మాట, కొన్ని ఇళ్ళల్లో నెలసరి రోజుల్లో వంటగది, పూజగది పట్టింపులు ఉంటాయి, ఇంటి దిదీని మొదట్లోనే విడిగా అడిగి తెలుసుకుంటే ఇబ్బంది ఉండదు.

జాతరలు, ఇక్కడే ఆగి చూడాలి

తిరుపతి వాళ్ళకి జాతర చూసే కన్ను ఉంటుంది, ఆ కన్నుతో ఖాట్మండు లోయని చూస్తే ఇంక తనివి తీరదు. అక్కడ కూడా వాళ్ళు జాత్రా అనే అంటారు.

మన గంగమ్మ జాతర జరిగే రోజులకి అటూ ఇటూగా, ఏప్రిల్ మే నెలల్లో పాటన్‌లో రాతో మచ్ఛీంద్రనాథ్ జాత్రా జరుగుతుంది. ఎర్రని ముఖం ఉండే దేవుడు, వానల దేవుడు. కర్రతో, బెత్తంతో కట్టిన రథం ఎంత ఎత్తంటే తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది, పుల్చోక్ దగ్గర కడతారు, తర్వాత వారాల తరబడి పేట పేటకీ లాగుతారు, ఒక్కోసారి పక్కకి ఒరిగిపోతుంది కూడా. ఆఖరికి జావలాఖేల్‌లో భోటో జాత్రా, రత్నాలు కుట్టిన చిన్న చొక్కాని జనానికి పైనుంచి ఎత్తి చూపిస్తారు, దేశాధ్యక్షుడు కూడా వస్తాడు. మన గోవిందరాజస్వామి రథం మాడవీధుల్లో ఒక పూట తిరుగుతుంది, ఇది నెల పైనే. మీ పేటకి రథం వచ్చిన రోజు ప్రతి ఇంట్లో చుట్టాలు, విందులు, ఎవరైనా పిలిస్తే సిగ్గుపడకుండా పోండి. తాడు పట్టుకోమంటే పట్టుకోండి, కానీ ముందు వరసలో వద్దు, రథం ఆగడం కదలడం తెలిసిన స్థానికులకే ఆ చోటు వదిలేయండి.

సెప్టెంబరులో ఇంద్ర జాత్రా. బసంతపూర్‌లో పొడుగాటి కర్ర ధ్వజం నిలబెడతారు, కుమారి అని దేవతగా కొలిచే చిన్నపాపని రథం మీద ఊరేగిస్తారు, ఏనుగు వేషం పులుకిసి వీధుల్లో పరిగెత్తుతుంది, ఎర్ర ముఖం పెద్ద జడల లాఖే అనే రాక్షసుడి వేషం డప్పులతో వస్తుంది, పిల్లలు వాడిని రెచ్చగొట్టి పారిపోతుంటారు. మన గంగమ్మ జాతరలో బండ వేషం వాళ్ళు వీధిలోకి వస్తే పిల్లలు చేసే హడావిడి చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు, వేషగాడికి దారి ఇవ్వాలని, మీద పడకూడదని చెప్పకుండానే మనకి తెలుసు. శ్వేత భైరవుడి పెద్ద ముఖం నోట్లోంచి గొట్టం పెట్టి మద్యం ప్రసాదంగా పోస్తారు, దాని కోసం తోపులాట మామూలుగా ఉండదు, ఆడపిల్లలు, పిల్లలతో ఉన్నవాళ్ళు దూరంగా మెట్ల మీద నిలబడి చూడటం మేలు.

ఆగస్టులో జంధ్యాల పౌర్ణమిని వాళ్ళు జనై పూర్ణిమ అంటారు, ఆ రోజు తొమ్మిది రకాల గింజలు మొలకెత్తించి క్వాతి అనే పులుసు చేస్తారు. మర్నాడు గాయ్ జాత్రా, ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా చనిపోయినవాళ్ళు ఆవునో, ఆవు వేషం వేసిన పిల్లవాడినో ముందు పెట్టుకుని ఊరేగింపుగా నడుస్తారు, దారి పొడుగునా జనం పళ్ళు, తినుబండారాలు ఇస్తారు. అదే రోజు వెక్కిరింతలు, మగోళ్ళ ఆడవేషాలు, నాయకుల మీద పాటలు. దుఃఖం నవ్వు ఒకే వీధిలో నడుస్తాయి, నాకు ఆ లోయలో అన్నిటికన్నా మనసుకి హత్తుకున్న రోజు అదే. కెమెరా తీసే ముందు ఎవరు దుఃఖంలో ఉన్నారో చూసుకోండి, పిల్లవాడి పక్కన నడిచే తల్లి ముఖానికి దగ్గరగా ఫోను పెట్టకండి.

దశైం అంటే మన దసరా, కానీ పదిహేను రోజులు. మొదటి రోజు ఘటస్థాపన, ఇసుకలో బార్లీ గింజలు చల్లి చీకటి గదిలో మొలిపిస్తారు, ఆ పచ్చటి మొలకలే జమరా, విజయదశమి రోజు పెద్దవాళ్ళు పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకా నుదుట పెట్టి జమరా చెవి మీద పెడతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కొండమీద బ్రహ్మోత్సవాలకి ముందు అంకురార్పణలో నవధాన్యాలు మట్టిలో వేస్తారు గదా, నేను ఈ మాట చెప్తే నేనున్న ఇంటి అమ్మ నమ్మలేదు, ఫోన్లో వీడియో చూపిస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. దశైంకి స్కూళ్ళు మూతపడతాయి, ఖాట్మండు సగం ఖాళీ అయిపోతుంది, అందరూ సొంత ఊళ్ళకి పోతారు. పోఖరా టూరు బుక్ చేసుకోకుండా ఆగండి, తోటి టీచరు ఎవరైనా మా ఊరికి రా అంటే పోండి. మేకల్ని కోస్తారు, గంగమ్మ జాతర చూసినవాళ్ళకి అది కొత్త కాదు, చూడలేనివాళ్ళు ఆ పూట ఇంటి పైన ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

దీపావళిని తిహార్ అంటారు, ఐదు రోజులు. మొదట కాకులకి, రెండో రోజు కుక్కలకి, వీధి కుక్కలకి కూడా బంతిపూల దండలేసి బొట్టు పెట్టి తిండి పెడతారు, తర్వాత ఆవు, లక్ష్మీపూజ, ఆఖరున అన్నాచెల్లెళ్ళ భాయి టీకా. నేవార్లకి అప్పుడే కొత్త సంవత్సరం, 879లో మొదలైన నేపాల్ సంవత్, ఆ రాత్రి మ్హ పూజ అని నేల మీద ముగ్గులేసి కూర్చోబెట్టి ఇంట్లో ప్రతి మనిషి తన ఒంటికి తానే పూజ చేసుకుంటాడు. అది ఇంటివాళ్ళ పూజ, పిలిస్తేనే పోవాలి, పిలిస్తే మాత్రం వదులుకోకూడదు. దేశం మొత్తం వాడే విక్రమ సంవత్ కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో, మన చిత్తూరులో తమిళం వాళ్ళు చేసుకునే సంవత్సరాది రోజులకే వస్తుంది, అప్పుడు భక్తపూర్‌లో బిస్కెట్ జాత్రా, పై పేట కింద పేట వాళ్ళు రథాన్ని చెరోవైపు లాగుతారు.

అక్టోబరు నవంబరులో ఉంటే పాటన్ దర్బారు చౌకులో కార్తీక్ నాచ్ చూడండి. సిద్ధినరసింహ మల్ల రాజు 17వ శతాబ్దంలో మొదలెట్టింది, నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చంపే ఘట్టం దాంట్లో ముఖ్యం. మన పల్లెల్లో భారతం పెట్టి రాత్రిళ్ళు నాటకాలాడి ఆఖరున దుర్యోధన వధ చేస్తారే, దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళు ఆ చౌకులో నేల మీద కూర్చుంటే భాష రాకపోయినా ఒక్క ముక్క తప్పిపోదు.

గుళ్ళు, చేతిపని

పశుపతినాథ్ ప్రధాన ఆలయంలోకి హిందువుల్నే రానిస్తారు. లోపల పూజలు చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది నుంచి, ముఖ్యంగా కర్ణాటక నుంచి పోయినవాళ్ళే, చాలామంది మనవాళ్ళకి ఇది తెలీదు. తోలు బెల్టు, పర్సు బయట పెట్టాలి. పక్కనే ఆర్యఘాట్‌లో దహనాలు జరుగుతుంటాయి, అవతలి ఒడ్డున కూర్చుని జూమ్ చేసి ఫోటోలు తీసేవాళ్ళు రోజూ కనిపిస్తారు, మీరు ఆ పని చేయకండి. కుమారి ఇంట్లో కూడా ఆ పాప కిటికీలోకి వస్తే చేతులు జోడించండి, ఫోటో నిషేధం.

బౌద్ధనాథ్ స్తూపానికి సాయంత్రం పోవాలి, టిబెట్ వాళ్ళు ముసలీ ముతకా అందరూ ప్రదక్షిణ చేస్తుంటారు, వాళ్ళతో పాటే స్తూపం మీ కుడిచేతివైపు ఉండేటట్టు నడవండి, ఒక గంట ఊరికే నడవండి చాలు.

పాటన్‌లో పొద్దున్నే గానీ చీకటి పడ్డాక గానీ గుళ్ళ పక్కనుండే మండపాల్లో పెద్దవాళ్ళు కూర్చుని డోలు, తాళాలతో దాఫా భజన పాడుతుంటారు. అన్నమయ్య కీర్తనలు వింటూ పెరిగిన ఊరి వాళ్ళం మనం, చెప్పులు విప్పి ఒక పక్కన కూర్చుంటే ఎవరూ పొమ్మనరు, మూడోసారి పోయేసరికి చేతికి తాళాలు ఇస్తారు.

ఒకు బహాల్ వైపు మైనపు అచ్చు మీద మట్టి పూసి, కరిగించి, లోహం పోసి విగ్రహాలు చేసే ఇళ్ళున్నాయి. మన తిరుపతి శిల్పకళాశాల పిల్లలు పోతే వాళ్ళతో ఒక నెల కూర్చోవచ్చు. కర్ర చెక్కడం చూస్తే మన ఏర్పేడు దగ్గర మాధవమాల గుర్తొస్తుంది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి తొమ్మిది వేల మంది దాకా చనిపోయారు, కాష్ఠమండపం కూలిపోయింది, ఖాట్మండు పేరు వచ్చిందే దాని నుంచి అంటారు, దాన్ని మళ్ళీ పాత పద్ధతిలోనే కర్రతో ఊరివాళ్ళు దగ్గరుండి కట్టించుకున్నారు. ఆ చెక్కడం చేసే చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టే అది కుదిరింది. దుకాణంలో కొనేదేదో చేసినవాడి దగ్గరే కొనండి, పేరు అడగండి, ఎన్ని రోజులు పట్టిందో అడగండి, అప్పుడు బేరం చేయాలనిపించదు.

ఈ బహాల్ అనేవి ఇళ్ళ మధ్య ఉండే లోగిళ్ళు, నడుమ చైత్యం ఉంటుంది, బట్టలారేసుకుంటూ, ధాన్యం ఎండబెట్టుకుంటూ ఉంటారు. తలుపు తీసుంది గదా అని గుంపుగా జొరబడకండి, ఒక్కరే, మెల్లగా, ధాన్యం తొక్కకుండా.

తిరగడానికి మైక్రోబస్సులు, సఫా టెంపోలు ఉన్నాయి, ఈ టెంపోలు కరెంటు మీద నడుస్తాయి, చాలా వాటిని ఆడవాళ్ళే తోలుతారు. రాత్రి లేటయితే పఠావో లాంటి యాప్‌లో బండి పిలుచుకోండి.

వచ్చేసే ముందు

పిల్లల ఫోటోలు స్కూలు వాళ్ళని, తల్లిదండ్రుల్ని అడక్కుండా ఇన్‌స్టాలో పెట్టొద్దు, పేదరికం చూపించే ఫోటోలు అయితే అసలే వద్దు. పిల్లలకి డబ్బులు, చాక్లెట్లు పంచే అలవాటు చేయకండి, ఇవ్వాలనుంటే స్కూలుకి పుస్తకాలివ్వండి. ఇంటివాళ్ళకి ఇవ్వడానికి కాళహస్తి కలంకారీ గుడ్డ ముందే తీసుకుని పోతే బరువుండదు, బాగుంటుంది, లడ్డూ అయితే పోయిన వారంలోనే పంచేయండి. చివరి రోజు మీకు టీకా పెడతారు, మెడలో ఖాదా అనే కండువా వేస్తారు, ఆ రోజు సాయంత్రం ఫ్లైటు పెట్టుకోకండి, ఇంటింటికీ పోయి చెప్పి రావడానికే ఒక రోజు పడుతుంది.

తర్వాత వచ్చే వాలంటీరు కోసం ఒక నోట్‌బుక్ రాసి స్కూల్లో వదిలేయండి. ఏ క్లాసుకి ఎంతవరకు చెప్పారు, ఏ పిల్లవాడికి యాడ అర్థం కావట్లేదు, ఆ పేటలో ఏ జాత్రా ఏ నెలలో వస్తుంది, ఏ రోజుల్లో స్కూలు ఉండదు, టీ దుకాణం యాడ, భజన ఏ మండపంలో, ఎవరింటికి పిలిస్తే ఏం తీసుకుని పోవాలి, అన్నీ. ఇంగ్లీషులో రాయండి, ఎవరొస్తారో తెలీదు గదా.

ఇంకేమైనా డౌట్లుంటే అడగండి, పాస్‌పోర్టు దగ్గర్నుంచి ఢిండో దాకా, తెలిసింది చెప్తా.